ఎంత వచ్చిందో తెలియకుండా ఎంత చూపిద్దాం?

మా బజార్లో చట్టం అనే మాట వింటేనే ముఖం తిప్పుకునేవాళ్లకు కూడా కంఠతా వచ్చిన సెక్షన్ ఒకటుంది. 44ఏడీ. పుస్తకాలు చూపించకుండా, అమ్మకంలో ఇంత శాతం లాభం అని చెప్పి ఆదాయపు పన్ను రిటర్న్ వేయనిచ్చే సెక్షన్ అది. పెయింట్ల షాపు యజమాని, కిరాణా కొట్టు నడిపే దంపతులు, బట్టలు కుట్టే ఆవిడ, సెల్‌ఫోన్లు రిపేరు చేసే అబ్బాయి, ఎవరిని కదిపినా "మనది ఎనిమిది శాతం కదండీ, పుస్తకాలు రాయనక్కర్లేదు" అంటారు. 2026 ఏప్రిల్ 1న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం తప్పుకుని 2025 చట్టం అమల్లోకి వచ్చింది. ఈ నిబంధన అందులో సెక్షన్ 58లోకి చేరింది. బజారుకు ఆ కబురు ఇంకా అందలేదు, అందినా పట్టించుకోదు. నేనూ ఇక్కడ పాత నంబర్లనే వాడతాను.

జగ్గయ్యపేటలో చిన్న వ్యాపారుల లెక్కలు చూడటం, వాళ్ల రిటర్న్‌లు వేయడం నా పని. చార్టర్డ్ అకౌంటెంట్‌ను కాను. కాలిక్యులేటర్ పట్టుకున్న ప్రతివాడూ మా ఊళ్లో ఆడిటర్ గారే కాబట్టి నన్నూ అలాగే పిలుస్తారు. రాష్ట్రం హద్దు దాటి కోదాడ నుంచి వచ్చేవాళ్లూ కొందరున్నారు. గడువు దగ్గరపడగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఈసారి ఎంత చూపిద్దామండీ?" అసలు ఎంత వచ్చిందని నేను తిరిగి అడిగితే, అడగకూడనిదేదో అడిగినట్టు చూస్తారు. దాచిపెట్టే ఉద్దేశంతో అలా చూస్తారని కొందరు అనుకుంటారు గానీ, చాలామందికి నిజంగానే తెలియదు. పన్ను శాఖ "మాకు పుస్తకాలు చూపించనక్కర్లేదు" అని ఇచ్చిన వెసులుబాటును మన వ్యాపారులు "లెక్కలే అక్కర్లేదు" అని అర్థం చేసుకున్నారు. ఆ అపార్థం వల్ల వాళ్లు పోగొట్టుకుంటున్నది, ఆదా చేశామనుకుంటున్న పన్నుకంటే ఎన్నో రెట్లు ఎక్కువని నా వాదన.

ముందు ఆ సెక్షన్ ఏమంటుందో చూద్దాం. ఏడాది టర్నోవర్ 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారి, నగదు రూపంలో వచ్చిన అమ్మకం మీద 8 శాతం, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన దాని మీద 6 శాతం లాభం అని ప్రకటిస్తే చాలు. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే పరిమితి 3 కోట్ల దాకా ఉంటుంది. ఇక్కడ చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. ఆ 8, 6 శాతాలు కనీసం. అంతకంటే ఎక్కువ సంపాదిస్తే ఎక్కువే ప్రకటించాలి. ఇంకో ముక్క, కమీషన్ మీద బతికే వ్యాపారాలకు ఈ సెక్షన్ వర్తించదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటుకు వర్తించదు, బీమా ఏజెంటుకు వర్తించదు. ఒక ఏడాది ఈ దారి పట్టి, తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా వదిలేస్తే, ఆపైన ఐదేళ్ల పాటు మళ్లీ ఇందులోకి రానివ్వరు. ఆ కాలంలో ఆదాయం పన్ను పరిమితి దాటితే పుస్తకాలు రాయాలి, ఆడిట్ కూడా చేయించాలి. ఈ షరతులన్నీ ఎగిరిపోయి బజార్లో మిగిలింది ఎనిమిది శాతం అన్న ఒక్క అంకె.

ఆ అంకె నిజానికి ఎంత దూరంలో ఉంటుందో చూడటానికి ఒక హార్డ్‌వేర్ షాపును ఊహించుకుందాం. ఏడాది అమ్మకం 60 లక్షలు. అందులో 40 లక్షలు ఫోన్‌పే, చెక్కుల ద్వారా వచ్చింది, 20 లక్షలు నగదు. 44ఏడీ ప్రకారం 40 లక్షల మీద 6 శాతం అంటే 2,40,000. 20 లక్షల మీద 8 శాతం అంటే 1,60,000. మొత్తం 4,00,000. రిటర్న్‌లో పడేది ఇదే. ఇక షాపులోకి వెళ్దాం. సరుకు కొన్న ధర పోగా నూటికి 12 రూపాయలు మిగులుతాయనుకుంటే 7,20,000. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పథకం కింద పన్ను ఒక శాతం, 60,000, సొంత జేబులోంచి కట్టాలి. అద్దె నెలకు 12,000 చొప్పున 1,44,000. గుమాస్తాకు నెలకు 10,000 చొప్పున 1,20,000. కరెంటు, ఫోను, ఆటో కిరాయిలు 36,000. ఇవన్నీ తీసేస్తే 3,60,000 మిగిలింది. మేస్త్రీలకు అరువిచ్చి ఇక రాదని తేలిన 50,000 కూడా తీసేస్తే 3,10,000. నెలకు 26 వేలు కూడా కాదు. భర్త పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తుతాడు, భార్య మధ్యాహ్నం భోజనం తెచ్చి రాత్రి దాకా కౌంటర్లో కూర్చుంటుంది. ఇద్దరి కష్టానికీ కలిపి ఆ 26 వేలు. గోడౌన్‌లో మూడేళ్లుగా కదలని రంగు డబ్బాల విలువ ఇందులో లెక్కే వేయలేదు.

ఈ సంగతి ఆ దంపతులకు తెలియదు. గల్లాపెట్టెలో రోజూ డబ్బు కదులుతూ ఉంటుంది కాబట్టి వ్యాపారం బాగానే ఉందనుకుంటారు. పిల్లల ఫీజు అందులోంచే, పెళ్లి చదివింపులు అందులోంచే, కంపెనీ సేల్స్‌మన్‌కు ఇవ్వాల్సిన బిల్లు డబ్బూ అందులోంచే. సరుకు డబ్బు ఇంటికి వాడేశామని తెలిసేది హోల్‌సేలు వ్యాపారి అరువు ఆపేసిన రోజున.

ఇప్పుడు రెండో వైపు. ఇంట్లోనే ముగ్గురు పనివాళ్లను పెట్టుకుని మగ్గం పని బ్లౌజులు చేయించే ఆవిడ ఉందనుకుందాం. ఏడాదికి 15 లక్షల పని. అద్దె లేదు, స్టాకు తక్కువ, కూలీ, దారాలు, పూసలు, కుందన్లు పోగా 5 లక్షలకు పైగానే మిగులుతుంది. రిటర్న్‌లో మాత్రం 1,20,000. ఎందుకంటే "చట్టమే ఎనిమిది శాతం అంది". హార్డ్‌వేర్ దంపతులు రానిదాన్ని చూపిస్తున్నారు, ఈవిడ వచ్చినదాన్ని దాస్తోంది. తాము చేస్తున్నది ఇదీ అని ఇద్దరికీ తెలియదు.

ఈ దాపరికం ఎవరి కోసం అన్నది నాకు అర్థం కాని విషయం. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల దాకా ఉన్న వ్యక్తికి రిబేటు పోగా పన్ను సున్నా. మగ్గం పని ఆవిడ 1,20,000 చూపినా సున్నానే, 5 లక్షలు చూపినా సున్నానే. భాగస్వామ్య సంస్థలకు ఈ రిబేటు లేదు, వాటికి నేరుగా 30 శాతం పన్ను పడుతుంది, కాబట్టి వాళ్ల లెక్క వేరు. సొంత పేరున షాపు నడిపే లక్షలాది మందికి మాత్రం తక్కువ చూపడం వల్ల ఒక్క రూపాయి మిగలదు. పన్ను భయంతో పుట్టిన అలవాటు, పన్ను పోయాక కూడా అలాగే ఉండిపోయింది. మా వృత్తిలో వాళ్లు కొందరు దాన్ని ఇంకా పెంచి పోషిస్తున్నారు. నిరుటి రిటర్న్ తెరిచి పది వేలు కలిపి ఈ ఏడాది రిటర్న్ వేసేయడానికి పది నిమిషాలు చాలు, అసలు లెక్క అడిగితే పది రోజులు పడుతుంది.

తక్కువ చూపినందుకు మూల్యం ఎక్కడ కట్టాల్సి వస్తుందో చెబుతాను. బ్యాంకు మేనేజరుకు మీ గల్లాపెట్టె కనిపించదు, మూడేళ్ల రిటర్న్‌లు కనిపిస్తాయి. 1,20,000 ఆదాయం ఉన్న మనిషికి ఇంటి అప్పు ఇవ్వరు. అప్పుడు ఆవిడ నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చుకుంటుంది. అంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు ఏటా 2,40,000 వడ్డీ. బ్యాంకులో 12 శాతానికి దొరికి ఉంటే అందులో సగం. లేని పన్నును తప్పించుకోవడానికి ఏటా 1,20,000 అదనంగా కడుతోందన్నమాట. కొడుకు అమెరికాలో ఎంఎస్ చేస్తానన్నప్పుడు ఇదే కథ. విద్యారుణంలో తండ్రి సహ రుణగ్రహీత, ఆయన రిటర్న్‌లు అడుగుతారు. మా ప్రాంతంలో ఏటా ఎన్నో ఇళ్లలో ఈ మాట వస్తుంది. అప్పటికప్పుడు పాత ఏళ్ల రిటర్న్‌లు పెంచి వేయమంటారు. అప్‌డేటెడ్ రిటర్న్ పేరుతో నాలుగేళ్ల వరకు వెనక్కి వెళ్లే వీలుంది, కాకపోతే కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద 25 నుంచి 70 శాతం దాకా అదనంగా కట్టాలి. పైగా మూడేళ్ల రిటర్న్‌లూ ఒకే వారంలో దాఖలైనట్టు తేదీలు కనబడితే బ్యాంకువాళ్లు ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి చెప్పక తప్పదు. మా ఊరి పక్కనుంచే 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ప్రమాదంలో ఇంటిపెద్ద పోతే, పరిహారం తేల్చేటప్పుడు ఆయన ఆదాయానికి రిటర్న్‌లనే గట్టి ఆధారంగా కోర్టులు చూస్తాయి. 38 ఏళ్ల వ్యాపారి, మీద ఆధారపడిన వాళ్లు నలుగురు అనుకుందాం. సుప్రీంకోర్టు స్థిరపరచిన పద్ధతిలో ఏటా ఆదాయంలో నాలుగో వంతు ఆయన సొంత ఖర్చుకని తీసేసి, మిగిలినదాన్ని 15తో గుణిస్తారు. నిజంగా 6 లక్షలు సంపాదిస్తూ 3 లక్షలు చూపించిన మనిషి కుటుంబానికి, ఆ తేడా వల్ల తగ్గేది 33,75,000. భవిష్యత్తులో ఆదాయం పెరుగుతుందని కలిపే శాతాన్ని పక్కన పెడితేనే ఇంత. చనిపోయాక వేసిన రిటర్న్‌ను ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు.

"అలాగైతే యూపీఐ తీసేద్దాం, అసలు తలనొప్పే ఉండదు" అనేవాళ్లు 2025 జులై తర్వాత పెరిగారు. ఆ నెలలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల లెక్కలు తీసి, 2021-22 నుంచి నాలుగేళ్లకు చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. పాలు, కూరగాయలు అమ్మేవాళ్లకూ వెళ్లాయి. బెంగళూరులో చాలా దుకాణాల ముందు క్యూఆర్ కోడ్ పోయి "నగదు మాత్రమే" అన్న కాగితాలు వెలిశాయి. ఆందోళన ముదిరాక, పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు. ఆ నోటీసులు పంపిన తీరు నాకూ నచ్చలేదు. తాజా కూరగాయల మీద, విడి పాల మీద జీఎస్టీయే లేదు, అవి మాత్రమే అమ్మేవాడు టర్నోవర్ కోటి దాటినా రిజిస్టర్ కానక్కర్లేదు. అది కనుక్కోకుండా నోటీసు ఇవ్వడం బద్ధకం. కానీ వ్యాపారుల వైపు నుంచీ చూడండి. పన్ను పడేది యూపీఐ మీద కాదు, అమ్మకం మీద. నగదు తీసుకున్నా అమ్మకం అమ్మకమే. ఇలాంటి నోటీసు వస్తే, కొనుగోలు బిల్లులు వరసగా పెట్టుకున్నవాడు తాను అమ్మేదేమిటో ఒక్క కాగితంతో జవాబు చెప్పగలడు. ఏమీ లేనివాడి చేతిలో బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే ఉంటుంది. అందులో చీటీ పాడిన డబ్బు, తమ్ముడు పంపిన చేబదులు, పొలం కౌలు, అన్నీ అమ్మకాల్లాగే కనిపిస్తాయి. వ్యాపారానికి వేరే ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోమని నేను మొత్తుకునేది అందుకే. ఖర్చు లేని పని, ఒక పూట పడుతుంది.

జీఎస్టీ పరిమితి గురించి మా హద్దు ప్రాంతంలో ఉన్నంత గందరగోళం ఇంకెక్కడా ఉండదనుకుంటాను. సరుకులు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ ఒప్పుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. కాబట్టి ఏడాదికి 30 లక్షలు అమ్మే జగ్గయ్యపేట చెప్పుల దుకాణానికి జీఎస్టీ నంబరు అక్కర్లేదు, అరగంట దూరంలో కోదాడలో అదే చెప్పులు, అంతే అమ్మకం ఉన్న దుకాణానికి కావాలి. సేవలకు మాత్రం రెండు చోట్లా 20 లక్షలే. పన్ను లేని సరుకును కూడా ఈ పరిమితిలో లెక్కపెట్టాలన్నది కిరాణా వాళ్లు మరచిపోయే విషయం. విడి బియ్యం మీద పన్ను లేకపోయినా, సబ్బులతో పాటు అమ్మితే ఆ బియ్యం అమ్మకం కూడా టర్నోవర్‌లో కలుస్తుంది.

హద్దు ఇంకో విధంగానూ కొరుకుతుంది. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని హైదరాబాద్‌కు కొరియర్ చేసే ఆంధ్రా ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. 2014 జూన్ 2కు ముందైతే అది సొంత రాష్ట్రంలో అమ్మకం. ఇప్పుడు అంతర్రాష్ట్ర వ్యాపారం. ఆవిడ కాంపోజిషన్‌లోకి వెళ్లినా లాభం లేదు, ఎందుకంటే కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి అమ్మకూడదు. ఏడాదికి రెండు లక్షల పచ్చళ్లు అమ్ముకునే మనిషిని మామూలు జీఎస్టీలోకి నెట్టి నెలనెలా, లేదంటే మూడు నెలలకోసారి రిటర్న్‌లు వేయమనడం నా దృష్టిలో అన్యాయం. ఇంటి నుంచి సేవలు అందించేవాళ్లకు 20 లక్షల దాకా ఈ మినహాయింపు ఇచ్చారు. పచ్చడి సీసాకు ఎందుకివ్వరో చెప్పేవాళ్లు లేరు.

కాంపోజిషన్ పథకం చెడ్డదని నేను అనను. కోటిన్నర లోపు టర్నోవర్ ఉంటే, వ్యాపారి ఒక శాతం, హోటలు 5 శాతం కట్టి, మూడు నెలలకోసారి ఒక చిన్న ఫారం, ఏడాదికి ఒక రిటర్న్ వేస్తే సరిపోతుంది. గిరాకీ నేరుగా ఇళ్లవాళ్లదే అయితే ఇంతకంటే సుఖం లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ పథకంలో ఉన్నవాడు గిరాకీ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, కొన్నవాటి మీద కట్టిన పన్నును తిరిగి తీసుకోకూడదు. కాంపోజిషన్‌లో ఉండి బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేసే హోటళ్లను మీరూ చూసి ఉంటారు. అది వాళ్లు తమ జేబులోంచి కట్టాల్సిన పన్ను, మీ దగ్గర వసూలు చేయకూడనిది.

మామూలు జీఎస్టీలో ఉన్నవాళ్ల బాధ వేరు. మీరు కొన్న సరుకు మీద కట్టిన పన్ను మీకు తిరిగి రావాలంటే, మీకు అమ్మినవాడు తన రిటర్న్‌లో ఆ బిల్లు చూపించాలి. నెల నెలా 14వ తేదీన పోర్టల్‌లో 2బీ అనే పట్టిక తయారవుతుంది. అందులో లేని బిల్లుకు క్రెడిట్ లేదు. మీ దగ్గర పక్కా బిల్లు ఉన్నా, బ్యాంకు ద్వారా డబ్బు కట్టినా, అమ్మినవాడు రిటర్న్ ఎగ్గొడితే నష్టం మీది. పక్కింటివాడు కరెంటు బిల్లు కట్టలేదని మన ఇంట్లో దీపం ఆర్పినట్టుంటుంది ఇది. దొంగ బిల్లుల ముఠాలను పట్టుకోవడానికి చేసిన ఏర్పాటని నాకు తెలుసు. ముఠాలు ఎలాగో దారి వెతుక్కుంటాయి, దెబ్బ తినేది విజయవాడ వన్‌టౌన్‌లో సరుకు కొని తెచ్చుకునే చిన్న షాపు. చట్టం మారే దాకా చేయగలిగింది ఒక్కటే. 15వ తేదీన 2బీ దించుకుని కొనుగోలు బిల్లులతో సరిచూసుకోవాలి, లేని బిల్లు గురించి హోల్‌సేలు వ్యాపారికి అదే రోజు ఫోన్ చేయాలి, తర్వాతి సరుకు డబ్బు ఇచ్చేలోపే. డబ్బు మీ చేతిలో ఉన్నంత వరకే ఆయన ఫోన్ ఎత్తుతాడు. కొనుగోళ్ల చిట్టా లేనివాడికి ఏ బిల్లు రాలేదో కూడా తెలియదు.

కచ్చా బిల్లు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పక్కా బిల్లు లేకుండా, పన్ను కట్టకుండా సాగే జీరో వ్యాపారంలో నూటికి నాలుగైదు రూపాయలు తక్కువకు సరుకు వస్తుందని మురిసిపోతారు. ఆ సరుకు మీ పుస్తకంలో ఉండదు, కాబట్టి అది కాలిపోయినా, దొంగలెత్తుకుపోయినా బీమా కంపెనీ దగ్గర అది లేనట్టే. స్టాకు బీమా క్లెయిము వేసిన వ్యాపారిని సర్వేయరు మొదట అడిగేది కొనుగోలు బిల్లులే.

నగదు విషయంలో రెండు హద్దులు బజార్లో దాదాపు ఎవరికీ గుర్తుండవు. ఒక వ్యవహారంలో ఒకరి దగ్గర 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదు. ఇల్లు కట్టుకునే రైతు మిర్చి డబ్బు తెచ్చి రెండున్నర లక్షల టైల్స్‌కు నోట్ల కట్టలు ఇస్తాడు, షాపు యజమాని సంతోషంగా తీసుకుంటాడు. జరిమానా తీసుకున్న మొత్తానికి సమానం, అదీ తీసుకున్నవాడికే. ఒకే బిల్లును మూడు రోజులకు పంచి తీసుకున్నా తప్పించుకోలేరు. అలాగే చేబదులైనా, నోటు మీద అప్పైనా 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోకూడదు, తిరిగి ఇవ్వకూడదు. దీనికీ జరిమానా అంతే మొత్తం.

నాతో వాదించేవాళ్లు చెప్పేది కూడా కొట్టిపారేయదగింది కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్లో ఉండే మనిషికి లెక్కలు రాసే తీరిక ఎక్కడిది, నెలకు మూడు నాలుగు వేలు ఇచ్చి లెక్కలు రాసిపెట్టే మనిషిని పెట్టుకునే మిగులు ఎక్కడిది అంటారు. నిజమే. అసలు వ్యాపారమే జరగని నెలకు రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా రుసుము వేసే వ్యవస్థ, చిన్నవాడి తీరిక గురించి ఆలోచించి కట్టింది కాదు. ఎవరో చెప్పారని అప్పు కోసం జీఎస్టీ నంబరు తీసుకుని, షాపు మూసేసినా నంబరు రద్దు చేయించుకోక, రుసుములు పేరుకుపోయినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. చిన్న పరిశ్రమలు, వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, అయినా దానికి డబ్బు గుంజే కౌంటర్లు ఊరూరా ఉన్నాయి.

అయితే నేను అడుగుతున్నది పన్ను శాఖ అడిగే పుస్తకాలు కాదు. మన తాతల కాలం వ్యాపారులు ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి మొదలుపెట్టిన రోజువారీ చిట్టా, ఎవరి ఖాతా వారికి విడిగా ఉండే ఆవర్జా చాలు. రాత్రి షట్టరు దించే ముందు ఆ రోజు వచ్చింది ఎంత, పోయింది ఎంత, నిల్వ ఎంత. ఇంటికి తీసుకున్నది విడిగా, ఎంత చిన్నదైనా సరే. అరువు ఎవరికి ఎంత, ఏ తేదీ నుంచి. కొనుగోలు బిల్లులు నెలవారీగా ఒక ఫైలులో. ఇవి నోటు పుస్తకంలో రాసినా, ఫోన్‌లో రాసినా ఒకటే. అన్నిటికంటే బరువైన పని మార్చి 31 రాత్రి స్టాకు లెక్కపెట్టడం. అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ఆ ఒక్క రాత్రి కూర్చుని అరలన్నీ లెక్కపెట్టి, కొన్న ధరకు విలువ కట్టకపోతే ఆ ఏడాది లాభమెంతో దేవుడికి కూడా తెలియదు. ఆ అంకె చేతిలో ఉంటే, ఎంత చూపిద్దాం అని నన్ను అడగాల్సిన పనే ఉండదు. వచ్చింది 8 శాతం కంటే ఎక్కువైతే అదే వేస్తాం. తక్కువైతే 44ఏడీలో ఉండాలా, పుస్తకాలు చూపించి బయటికి రావాలా అన్నది ఇద్దరం కూర్చుని ఆలోచిస్తాం, ఐదేళ్ల షరతును ముందు పెట్టుకుని.

హైదరాబాద్‌లో ఇంటి నుంచి విదేశీ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే కుర్రాళ్ల గురించి రెండు మాటలు. సాంకేతిక సలహా వంటి వృత్తులకు 44ఏడీఏ ఉంది, 50 లక్షల లోపు వసూళ్లలో సగం ఆదాయంగా చూపవచ్చు, నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా. "డాలర్లలో వస్తోంది, ఎగుమతి మీద జీఎస్టీ సున్నా కదా" అని రిజిస్టర్ కాకుండా ఉంటారు. పన్ను సున్నానే, కానీ 20 లక్షల పరిమితికి ఎగుమతులూ లెక్కే. నంబరు తీసుకుని, ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం పోర్టల్‌లో వేస్తే పన్ను కట్టకుండానే బిల్లు ఇవ్వవచ్చు. అది వేయడానికి కాఫీ తాగేంత సేపు కూడా పట్టదు.

ఇక మా వృత్తి గురించి మా వృత్తివాళ్లకు నచ్చని మాట. చాలామంది వ్యాపారుల జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఫోను నంబరు, ఈమెయిలు వాళ్లవి కావు, వాళ్ల ఆడిటర్‌వి. నంబరు తీసుకున్న రోజు ఓటీపీల కోసం మాటిమాటికీ ఫోన్ చేయడం ఎందుకని ఆయన తనవే ఇచ్చుకుంటాడు. తర్వాత వ్యాపారి ఆడిటర్‌ను మార్చినా ఆ నంబరు మారదు. ఇవాళ జీఎస్టీ నోటీసు పోస్టులో రానక్కర్లేదు, పోర్టల్‌లో పెడితే అందినట్టేనని చట్టం ఒప్పుకుంటుంది. నోటీసు పాత ఆడిటర్ ఫోనుకు పోతుంది, ఆయన చూడడు. జవాబు రాలేదని అధికారి ఉత్తర్వు ఇచ్చేస్తాడు. అప్పీలుకు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో నెల, అదీ వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టాక. ఆ గడువంతా వ్యాపారికి తెలియకుండానే గడిచిపోతుంది, ఒకరోజు బ్యాంకు ఖాతా పనిచేయదు. పన్ను తప్పు చేసి ఇరుక్కున్నవాళ్లకంటే, నోటీసు వచ్చినట్టు తెలియక ఇరుక్కున్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

కాబట్టి ఈ వ్యాసం చదివి చిట్టా మొదలుపెట్టినా పెట్టకపోయినా, మీ జీఎస్టీ నంబరుకు, ఆదాయపు పన్ను ఖాతాకు ఏ ఫోను జత అయి ఉందో ఇవాళే చూసుకోండి. అది మీది కాకపోతే మార్చండి. జీఎస్టీలో దానికి అధికారి అనుమతి అవసరం లేదు, పోర్టల్‌లో సవరణ పెడితే సరిపోతుంది. పాస్‌వర్డు కూడా మీ దగ్గరే ఉండాలి. మీ ఆడిటర్ గారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.